రెండు రోజుల్లో అలవాటవుతుంది

"నేల ఒక పక్కకి ఒరిగిపోతోంది బాబూ," అంది కాజాలమ్మ.

కళ్ళజోడు తీసి కౌంటరు మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగింది. ఆవిడ అసలు పేరు ఆ కళ్ళజోళ్ళ షాపులో ఎవరికీ తెలియదు. మూడు వీధుల అవతల టైలరు దగ్గర చొక్కాలకీ కోట్లకీ చేత్తో కాజాలు కుడుతుంది. గుండీ దూరే సందుని కొలిచి కోసి, దాని అంచు చుట్టూ దారంతో గట్టు కట్టడం ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆవిడ పని. అందుకే అందరికీ కాజాలమ్మ.

"మెట్లు దిగుతుంటే ఉందనుకున్న చోట మెట్టు లేదు. లేదనుకున్న చోట ఉంది. పడబోయి గోడ పట్టుకున్నాను."

లోపలి గదిలోంచి మిల్లీమీటరు బయటికొచ్చాడు. ఒక చెవిలో ఇయర్‌ఫోను ఇంకా వేలాడుతూనే ఉంది. కళ్ళజోళ్ళకి అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించేది అతనే. పదిహేడేళ్ళలో అతను బిగించిన అద్దం ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ పోలేదని ఓనరు ఓసారి మెచ్చుకోలుగా అన్న మాట పోనుపోనూ పేరైపోయింది. జీతం పెంచమన్నప్పుడల్లా ఓనరు ఆ పేరుతోనే కడుపు నింపాడన్నది వేరే సంగతి.

అతను లోపల ఫోనులో ఆపి వచ్చింది ఒక సీరియల్ ముప్ఫై ఎనిమిదో ఎపిసోడు. ఒక పెద్ద ఇంట్లో తాతకి ఎవరో విషం పెట్టారు. ఇంట్లో ఉన్నది పదకొండు మంది. ప్రతి ఎపిసోడు చివరా వాళ్ళలో ఒకరు దొంగచూపు చూస్తారు, తర్వాతి ఎపిసోడు మొదట్లోనే వాళ్ళకేం తెలియదని తేలుతుంది. పదకొండు మందినీ అలా తిప్పి తిప్పి యాభై రెండు ఎపిసోడ్లు తీసినవాడికి దణ్ణం పెట్టాలి. చూసేవాడికి ఇంకా పెద్ద దణ్ణం పెట్టాలి. మిల్లీమీటరు మనసు ఆ ఇంటి వంటగదిలోనే ఉండిపోయింది. పనిమనిషి సొరుగు లాగుతోంది. అందులో ఏముందో చూపించేలోగా ఈవిడ వచ్చింది.

"పాతవి మార్చి ఎన్నాళ్ళయిందమ్మా?"

"ఆరేళ్ళు."

"మరి! ఆరేళ్ళ అలవాటు ఒక్క పూటలో పోతుందా? కళ్ళు మొరాయిస్తాయి. పెట్టుకుని తిరగండి. రెండు రోజుల్లో అలవాటవుతుంది."

"ఒక్కసారి మిషను మీద పెట్టి చూడకూడదా బాబూ?"

చూడకూడదని ఎలా అంటాడు? కళ్ళజోడు పట్టుకుని లోపలికెళ్ళాడు. అద్దంలో పవరు ఎంతుందో చూపించే మిషను బల్ల కుడి చివర ఉంది. ఫోను ఎడమ చివర, స్క్రూల డబ్బాకి ఆనించి ఉంది. మిల్లీమీటరు కూర్చున్నది ఎడమ చివర. తెర మీద సొరుగులో ఒక తాళంచెవి. అంతే, పేర్లు పడిపోయాయి. అతను నాలుక చప్పరించి, కళ్ళజోడుని మెత్తటి గుడ్డతో శుభ్రంగా తుడిచి, బయటికి తెచ్చాడు.

"చూశానమ్మా. అంతా సరిగ్గానే ఉంది."

"నువ్వు చూశానంటే ఇంకేముంది," అంది కాజాలమ్మ. కళ్ళజోడు పెట్టుకుని, గుమ్మం దగ్గర ఆగి, లోతు తెలియని నీళ్ళలో దిగుతున్నట్టు ముందు బొటనవేలు ఆనించి, ఆ తర్వాత పాదం మోపింది.

ఇంటి దగ్గర ఇంకో బాగోతం నడుస్తోంది.

ఆ సీరియల్‌ని ఇద్దరూ కలిసి చూడాలని మొదలుపెట్టింది అతని భార్యే. ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పనిలో ఉంది. పొద్దున్నించి నిలబడి నాలుగింటికి ఇల్లు చేరి, కాళ్ళు పీట మీద పెట్టుకుని కూర్చుంటే, అతను వచ్చాక రోజుకి రెండు ఎపిసోడ్లు. అంతకుమించి వద్దని ఒప్పందం. "ఊరిస్తేనే రుచి," అంటుంది ఆవిడ. మధ్యలో ఆపి, ఎవరు చంపి ఉంటారో వేళ్ళు మడిచి లెక్కపెడుతుంది. వంట చేస్తూ కూడా పెద్ద కోడలి మీద అనుమానాలు వినిపిస్తుంది.

వారం తిరక్కుండానే అతను ఒప్పందం తప్పాడు. మొదట మధ్యాహ్నం భోజనం దగ్గర ఒకటి. తర్వాత బస్సులో ఒకటి. ఆ తర్వాత పని బల్ల మీదే. ఒకటి ఇంకోదాన్ని లాక్కొచ్చేది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు తాగేస్తూ, ఇంటికొచ్చి భార్య పక్కన కూర్చుని, చూసిందే మళ్ళీ చూస్తూ, ఆశ్చర్యపోవలసిన చోటల్లా ఆశ్చర్యపోయేవాడు.

ఆ సాయంత్రం పదిహేనో ఎపిసోడు. చిన్న కొడుకు గ్లాసు ఎత్తాడు.

"అయ్యయ్యో!" అన్నాడు మిల్లీమీటరు.

తెర మీద గ్లాసు అప్పుడు జారి పగిలింది. భార్య తెర వంక చూడటం లేదు. అతని వంక చూస్తోంది. మళ్ళీ తెర వైపు తిరిగింది.

రెండో రోజు గడిచి మూడో రోజు పదకొండు గంటలకి కాజాలమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి ఓనరు కౌంటరు వెనకే ఉన్నాడు.

ఆవిడ సంచిలోంచి ఒక గుడ్డముక్క తీసి కౌంటరు మీద పరిచింది. దాని మీద వరసగా ఆరు కాజాలు. మొదటి రెండూ అచ్చు గుద్దినట్టున్నాయి. "ఇవి పాత అద్దాలతో, కళ్ళు చిట్లించుకుని," అంది. మిగతా నాలుగూ గాలికి ఒరిగిన గడ్డిలా పక్కకి వాలాయి. "ఇవి కొత్తవాటితో. నాకు తిన్నగానే కోసినట్టుంటుంది బాబూ. కళ్ళజోడు తీసి చూస్తే ఇలా ఉంటోంది."

"టెస్టులో తేడా వచ్చిందేమో," అన్నాడు ఓనరు, కళ్ళు పరీక్ష చేసే అమ్మాయి వైపు చూస్తూ. ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరి ఐదు నెలలయింది. మారు మాట్లాడకుండా కాజాలమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, అక్షరాల బోర్డు వెలిగించి, అద్దాలు మార్చి మార్చి అడిగింది. పావుగంట తర్వాత చీటీ రాసి పాత చీటీ పక్కన పెట్టింది. రెండిట్లోనూ అవే అంకెలు.

"నంబరు మారలేదు సార్. కళ్ళజోడునే ఒకసారి మిషను మీద చూడాలి," అంది మెల్లగా.

"మొన్న చూశానుగా," అన్నాడు మిల్లీమీటరు. కళ్ళజోడూ చీటీ తీసుకుని లోపలికెళ్ళాడు.

ఈసారి కుడి చివర కూర్చున్నాడు.

కుడి కంటి అద్దం మిషను మీద పెట్టి, చక్రం తిప్పి, లోపల పచ్చగీతలు స్పష్టమయ్యేదాకా ఆగాడు. అంకె చూశాడు. చీటీ చూశాడు. ఎడమ అద్దం పెట్టాడు. మళ్ళీ చీటీ చూశాడు. మూడుసార్లు చూసినా అంకెలు మారతాయా? కుడి కంటికి ఉండాల్సింది ఎడమ వైపుంది, ఎడమ కంటికి ఉండాల్సింది కుడి వైపుంది. ఆవిడ కళ్ళకి వంపు ఉంది. కుడి కంటికి ఒక వాలు, ఎడమ కంటికి దానికి ఎదురు వాలు. అద్దాలు ఆ వాలుని సరిచేయాలి. అటుదిటూ ఇటుదటూ అయ్యేసరికి, ఉన్న వాలు రెట్టింపయింది. ఆవిడకి నేల ఒరగక ఏం చేస్తుంది?

పదిహేడేళ్ళుగా అతనికి ఒక నియమం ఉంది. అద్దాలు జతగా వస్తాయి, ఒక్కోటి ఒక్కో కాగితం కవర్లో. ఒకదానికి నడిమి గుర్తుగా చుక్కలు పెట్టి, అరగదీసి, ఫ్రేములో బిగించేదాకా రెండోదాన్ని కవర్లోంచి తీయకూడదు. కవర్లోంచి రెండూ బయటికొచ్చాయంటే కవలపిల్లలే, ఏది ఏదో పైకి తెలియదు. చివర్లో మళ్ళీ మిషను మీద చూసి చీటీ మీద సంతకం పెట్టాలి. ఆ నియమం వల్లే అతను మిల్లీమీటరయ్యాడు.

ఈ అద్దాలు బిగించిన రోజు ముప్ఫై ఒకటో ఎపిసోడు. నర్సు రాసిన ఉత్తరం దొరికింది. తొందరగా కానిచ్చేద్దామని రెండు కవర్లూ ఒకేసారి చించాడు. చించడం గుర్తుంది. ఉత్తరంలో ఏం రాసి ఉందో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఏ అద్దం ఏ చేత్తో తీశాడో మాత్రం గుర్తులేదు. సంతకం పెట్టిన సంగతీ గుర్తులేదు, కానీ చీటీ మీద సంతకం అతనిదే.

ఫ్రేము గుండ్రంగా ఉంటే చిటికెలో అటూ ఇటూ మార్చేసి గండం గట్టెక్కేవాడు. ఇది ముక్కు వైపు కోసుగా దిగే ఆకారం. కుడిది ఎడమలో పట్టదు. కొత్త జత తెప్పించాలి. తెప్పించాలంటే ఎందుకో ఓనరుకి చెప్పాలి. మొన్న మిషను మీద చూశానన్నది అబద్ధమని కూడా చెప్పాలి.

బయట ఓనరు గొంతు వినబడుతోంది. "మా మిల్లీమీటరు చూశాడంటే తిరుగులేదమ్మా. అద్దం అబద్ధం చెప్తుందేమో గానీ అతను చెప్పడు."

మిల్లీమీటరు బయటికొచ్చాడు. ముగ్గురూ అతని మొహంలోకే చూస్తున్నారు.

"అద్దాలు కరెక్టేనమ్మా," అన్నాడు. "కంట్లోనే... వయసు మీద పడ్డాక కొందరికి..."

"నరం అయి ఉంటుంది," అందుకున్నాడు ఓనరు. "కంటి వెనక నరం. పెద్ద డాక్టరుకి చూపించుకోండమ్మా, అశ్రద్ధ చేయొద్దు."

"నరమా?" అంది కాజాలమ్మ. గుడ్డముక్కని నాలుగు మడతలు పెట్టి సంచిలో పెట్టుకుంది. "నిన్న ఒక కోటుకి మూడు కాజాలు వంకర పోయాయి. కుట్టయితే విప్పుకోవచ్చు బాబూ. ఒకసారి కోశాక గుడ్డ మళ్ళీ అతుక్కోదు. టైలరు ఏమీ అనలేదు, కోటు లోపలికి తీసుకెళ్ళిపోయాడు. నేను నీ మాట పట్టుకుని, అలవాటవుతుందిలే అని కోశాను." ఆవిడ నింద వేస్తున్నట్టు కూడా అనలేదు. జరిగింది చెప్పింది, అంతే.

ఆవిడ వెళ్ళాక పరీక్ష చేసే అమ్మాయి లోపలి గది గుమ్మంలో నిలబడింది.

"మాస్టారూ, నిజంగా చూశారా?"

"నీ టెస్టు సంగతి నువ్వు చూసుకో ముందు," అన్నాడు మిల్లీమీటరు. ఆడలేనమ్మ మద్దెల ఓడని వెనకటికి ఊరికే అనలేదు.

తప్పు చేసినవాడికి రెండు దారులుంటాయి. ఒకటి దిద్దుకోవడం, రెండోది వేరే వైపు చూడటం. వేరే వైపు చూడటానికి అతని జేబులోనే కిటికీ ఉంది. ఆ రోజూ మర్నాడూ అతను చూసినట్టు ఎవరూ చూసి ఉండరు. బస్సులో నిలబడి చూశాడు, అన్నం కలుపుతూ చూశాడు, ఎపిసోడు చివర పేర్లు పడుతుంటే భయమేసి, అవి పూర్తికాకముందే తర్వాతిది నొక్కాడు. నిశ్శబ్దంగా ఉన్న ఆ పది సెకన్లలోనే కాజాలమ్మ బొటనవేలు గుమ్మం కింద నేలని వెతుకుతూ కనబడేది. యాభై రెండోది కూడా అయిపోయింది. తాతని చంపిందెవరో తెలిసింది. తెలిశాక ఏమీ అనిపించలేదు. తెర దానంతటదే ఇంకో సీరియల్ మొదలుపెట్టింది. అతను ఆపలేదు.

ఆ సాయంత్రం భార్య పక్కన కూర్చున్నప్పుడు ఇరవై ఒకటో ఎపిసోడు నడుస్తోంది. తాత గదిలో మంచం కింద ఎవరో దాక్కుని ఉన్నట్టు తెలిసే చోటు అది. ఎవరైనా ఉలిక్కిపడాలి. అతను పడలేదు. మర్చిపోయాడు.

భార్య రిమోటు అందుకుని ఆపింది.

"ఎందాకా చూశారు?"

"అయిపోయింది," అన్నాడు చివరికి.

"నాకు తొమ్మిదో ఎపిసోడు నుంచీ తెలుసు. మీరు ఉలిక్కిపడటంలో ఒక్క క్షణం ముందుంటున్నారు."

"మరి అడగలేదేం?"

"మీరే చెప్తారని చూశాను." ఆవిడ రిమోటుని ఒళ్ళో పెట్టుకుని దాని అంచు గోకుతోంది. "చూస్తే చూశారు, దానికి నాకేం బాధ లేదు. లాండ్రీలో దుప్పటి ఇద్దరం చెరో కొసా పట్టుకుని మడతపెడతాం. తోటిమనిషి ముందుకి పోతే నా చేతిలో కొస జారుతుంది, నాకు తెలుస్తుంది. కానీ మీరు రోజూ నా పక్కన కూర్చుని అంత బాగా నటిస్తుంటే... మొన్న గ్లాసు పగిలినప్పుడు, అది ముందే పడిందేమో, నాకే ఆలస్యంగా కనబడిందేమో అనుకున్నానండీ. మీరు స్నానానికి వెళ్ళాక వెనక్కి తిప్పి మళ్ళీ చూసుకున్నాను. నా కళ్ళ మీద నాకే అనుమానం వచ్చింది, తెలుసా?"

అతను తల వంచుకున్నాడు. కాజాలమ్మ సంగతంతా చెప్పాడు. కవర్లు చించిన దగ్గర్నుంచి నరం దాకా. ఏదీ దాచలేదు.

"ఆవిడ ఇప్పుడేం చేస్తోంది?" అంది అంతా విని.

"తెలియదు."

"తెలుసుకోండి," అంది ఆవిడ. లేచి వంటింట్లోకి వెళ్ళింది. తెర మీద మంచం కింది మనిషి అలాగే ఆగిపోయి ఉన్నాడు.

మర్నాడు ఓనరు తాళాలు తీస్తుండగానే మిల్లీమీటరు చెప్పేశాడు. ఓనరు మొదట నమ్మలేదు. నమ్మాక కూర్చున్నాడు. "పదిహేడేళ్ళు!" అన్నాడు, అతనికి కాదు, గోడకి చెప్పినట్టు. తర్వాత వ్యాపారం గుర్తొచ్చింది. "కొత్త జత తెప్పించు. అదే ఫ్రేము ఇంకోటి ఉందిగా, అందులో బిగించి నువ్వే తీసుకెళ్ళి ఇయ్యి. అయితే ఒక్క మాట. లెన్సు కంపెనీ వాళ్ళ లోపం అని చెప్పు. మన చెయ్యి అని చెప్పకు. నోటి మాట మీద బతికే షాపు ఇది."

లెన్సులు రెండు రోజులకి వచ్చాయి. మిల్లీమీటరు ఫోనుని కౌంటరు సొరుగులో పడేసి లోపలికొచ్చాడు. కుడి కవరు చించాడు. మిషను మీద పెట్టి సిరాతో మూడు చుక్కలు పెట్టాడు. అరగదీసే చక్రం మీదకి నీళ్ళు వదిలి, అంచుని వేలితో తడిమి చూసి, మళ్ళీ అరగదీసి, ఫ్రేములో కూర్చోబెట్టి స్క్రూ బిగించాడు. ఎడమ కవరు అప్పటిదాకా బల్ల మీద చించకుండానే ఉంది. గదిలో నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ చప్పుడు వినక ఎన్నాళ్ళయిందో అనుకున్నాడు. అంతా అయ్యాక కళ్ళజోడుని పరీక్ష చేసే అమ్మాయి ముందు పెట్టాడు.

"నువ్వు కూడా ఒకసారి చూసిపెట్టమ్మా. నీ సంతకం కూడా కావాలి. ఆ రోజు నిన్నన్న మాట నా తప్పే."

ఆ అమ్మాయి చూసి, సంతకం పెట్టి, చీటీ వెనక్కిచ్చింది.

టైలరు షాపులో కాజాలమ్మ ఎప్పుడూ కూర్చునే కిటికీ పక్క ముక్కాలిపీట ఖాళీగా ఉంది. ఆవిడ మూల చాప మీద కూర్చుని, కుట్టిన చొక్కాలకి వేలాడే దారప్పోగులు కత్తిరిస్తోంది. పనిలో చేరినవాళ్ళకి మొదటి రోజు ఇచ్చే పని అది. కాజాలు ఇప్పుడు మిషను మీద కుట్టించడానికి బయటికి పంపుతున్నారు. వంకర కాజాల కోటు గోడకి కొక్కేనికి వేలాడుతోంది.

"అమ్మా, అద్దాలు మార్చి తెచ్చాను."

కాజాలమ్మ కొత్త కళ్ళజోడు పెట్టుకుంది. ముందు నేల వంక చూసింది. గచ్చు మీద గీతలు ఈ చివర నుంచి ఆ చివరకి చూపుతో కొలిచింది. తర్వాత సూది తీసి, దారం కొస తడిచేసి, ఒక్కసారికే ఎక్కించింది.

"నేల కుదురుకుంది," అంది. అని ఊరుకోలేకపోయింది. మొహం అంతా విచ్చుకుంది. "పెద్ద డాక్టరు వచ్చే వారం రమ్మన్నాడు బాబూ. పొద్దున్నే లేవగానే ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి చూసుకుంటున్నాను, ఏది ముందు పోతుందో అని. నువ్వు చల్లగా ఉండాలి నాయనా. ఎవరు పట్టించుకుంటారు ఇలా ఇక్కడిదాకా వచ్చి?"

ఆ దీవెన పట్టుకుని వెళ్ళిపోవచ్చు. ఓనరు చెప్పిన మాట నాలుక చివరే ఉంది.

"సంతోషం పెద్దమ్మా," అన్నాడు టైలరు, మిషను తొక్కుతూనే. "కానీ కాజాలు అలా బయటికే పోనీలే. ఇవాళ బాగుంటాయి, రేపు మళ్ళీ తేడా వస్తే? కళ్ళన్నాక వయసు. నీకు కూర్చున్న చోట పని ఉంది కదా."

కాజాలమ్మ మొహం ముడుచుకుంది. కత్తెర మళ్ళీ అందుకుంది.

"ఆవిడ కళ్ళకి ఏమీ కాలేదండీ," అన్నాడు మిల్లీమీటరు. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "కుడి అద్దం ఎడమకి, ఎడమది కుడికి వేశాను నేను. ఫోనులో సీరియల్ చూస్తూ వేశాను. మొదటిసారి వచ్చినప్పుడు మిషను మీద చూశానని అబద్ధం చెప్పాను. ఆ కోటు పాడుచేసింది నేను, ఈవిడ కాదు."

టైలరు కాలు ఆగింది. మిషను ఆగింది.

కాజాలమ్మ అతని వంక చూసింది. కొత్త అద్దాల్లోంచి, తిన్నగా. "రెండోసారి వచ్చాను కదా బాబూ. నరం అన్నారు. అప్పటికి నీకు తెలుసా?"

ఇది ఎవరూ అడగరనుకున్నాడు.

"తెలుసమ్మా."

టైలరు లేచి, బయటికి పంపడానికి మూటగట్టిన చొక్కాలు విప్పి, పైదాన్ని తీసుకెళ్ళి కిటికీ పక్క ముక్కాలిపీట మీద పెట్టాడు. సుద్దతో పెట్టిన కాజా గుర్తులు దాని మీద తెల్లగా ఉన్నాయి. మిల్లీమీటరు వైపు చూడకుండా, "కోటు సంగతి తర్వాత మాట్లాడదాం," అన్నాడు.

కాజాలమ్మ వెంటనే పీట దగ్గరికి వెళ్ళలేదు. సంచిలోంచి అద్దాలు తారుమారైన కళ్ళజోడు తీసింది. దాని కాడలు విప్పి, అతని మొహం మీదకి చేతులు చాపి, చిన్నపిల్లాడికి పెట్టినట్టు ఒక్కో చెవికీ జాగ్రత్తగా తగిలించింది. అతను కదల్లేదు. ఒకరి అద్దాలు ఇంకొకరు పెట్టుకుంటే లోకం వంకరగానే ఉంటుందని అతనికి తెలుసు. అయినా గచ్చు ఒక్కసారిగా పక్కకి జారింది. చెయ్యి దానంతటదే కుట్టు మిషను అంచు కోసం వెతుక్కుంది. అది ఉందనుకున్న చోట లేదు.

ఆవిడ వెళ్ళి తన పీట మీద కూర్చుంది. చొక్కా ఒళ్ళో పరుచుకుని, సూది గుచ్చుకోకుండా వేలికి అంగుస్తాను తొడిగి, మొదటి గుర్తు మీద కత్తెర మొన ఆనించింది.

"కంగారు పడకు బాబూ," అంది తలెత్తకుండానే. "రెండు రోజుల్లో అలవాటవుతుంది."